అది ఆన్సర్ కాదు కదా మేడమ్

ఏఐ తప్పులు చెబుతుంది, లేనివి ఉన్నట్టు కల్పిస్తుంది అని హెచ్చరించే వ్యాసాలు చాలానే వచ్చాయి. ఆ భయం నాకు అంతగా లేదు. తప్పు ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ పుట్టించిన తీర్పులను నిజమైనవనుకుని కోర్టుకు సమర్పించారు. ఎదుటి పక్షం వెతికితే అలాంటి కేసులే లేవు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశాడు. తప్పు బయటపడింది, శిక్ష పడింది, అందరికీ తెలిసింది.

నా దిగులంతా అది ఒప్పు చెప్పినప్పుడే. తడుముకోకుండా, చక్కని వాక్యాలతో ఒప్పు చెప్పినప్పుడు ఎదురుగా ఉన్న మనిషి తన బుర్రలో అప్పుడప్పుడే రూపు కడుతున్న ఆలోచనను చిన్నచూపు చూసి పక్కన పడేస్తాడు. పడేశానన్న సంగతి కూడా అతనికి తెలియదు. దానికి ఏ కోర్టూ జరిమానా వేయదు.

నేను గుంటూరు వైపు ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. మా పిల్లల్లో ఎక్కువమంది మిర్చి, పత్తి వేసే ఇళ్ల నుంచి, ఆ చేలల్లో కూలికి వెళ్లే ఇళ్ల నుంచి వస్తారు. 2025 మొదట్లో మిర్చి ధర ఎలా పడిపోయిందో ఈ ప్రాంతం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. క్వింటాలు 20,000 దాటిన రోజులు చూసిన రైతులు అందులో సగానికి కాస్త అటూ ఇటూగా అమ్ముకోవాల్సి వచ్చింది. ఆందోళనలు జరిగాక కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసి, 2.91 లక్షల టన్నుల వరకు వర్తింపజేస్తామంది. ఆ రోజుల్లోనే మా రెండో సంవత్సరం పిల్లలకు అసైన్‌మెంట్ ఇచ్చాను. మిర్చి ధర ఎందుకు పడింది, మీ మాటల్లో రెండు పేజీలు రాసుకురండి అని.

వచ్చిన కాగితాలు చూస్తే ఎవరు రాసినా ఒకేలా ఉన్నాయి. గిరాకీ, సరఫరాల మధ్య అసమతుల్యత. అంతర్జాతీయ మార్కెట్ పరిస్థితులు. వాతావరణ మార్పుల ప్రభావం. నిల్వ సౌకర్యాల కొరత. మధ్యవర్తుల పాత్ర. చివర ప్రభుత్వం, రైతులు, వ్యాపారులు కలిసి సమగ్ర విధానం రూపొందించుకోవాలని ఒక ముగింపు. ఏ ఒక్కటీ తప్పు కాదు. కానీ రెండు పేజీల్లో ఎక్కడా గుంటూరు మిర్చి యార్డు లేదు. టిక్కీ (మిర్చి బస్తా) లేదు, తాలు (రంగు పోయిన కాయ) లేదు, కాయ ఆరబోసే కల్లం లేదు. తాలు కాయకు మంచి కాయలో సగం రేటు రావడం కూడా కష్టమని ఈ పిల్లలకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. కాగితంలో మాత్రం అది ‘నాణ్యతా ప్రమాణాలు’ అయి కూర్చుంది. మిర్చి తీసేసి ఉల్లిపాయ అని పెట్టినా ఆ వ్యాసం అలాగే నడుస్తుంది.

వాళ్లలో ఒక అబ్బాయిని స్టాఫ్ రూమ్‌కి పిలిచాను. తిట్టడానికి కాదు. వాళ్ల నాన్న నాలుగెకరాలు కౌలుకు చేస్తాడని నాకు తెలుసు. కాగితం పక్కన పెట్టి, మీ నాన్న పంట ఏం చేశారు అని అడిగాను.

“పోయినేడుదే ఇంకా కోల్డ్ స్టోరేజిలో ఉంది మేడమ్. రేటు పెరుగుద్దని పెట్టాడు. మా ఊళ్లో అందరూ అట్టానే పెట్టారు. కొత్త కాయ వచ్చేసరికి పాతది కదల్లా. రెండూ ఒకేసారి యార్డుకి పడినయ్.”

మరి కొత్తది కొన్నాళ్లు ఆపొచ్చు కదా అన్నాను.

“ఆపటం మా చేతిలో లేదు మేడమ్. పెట్టుబడికి డబ్బులిచ్చిన కమీషన్ కొట్టాయనకే తోలాలి. ఆయన అమ్ముదాం అన్నప్పుడు అమ్మాలి. కౌలు డబ్బులు కట్టాలి, కోత కూలీలకియ్యాలి. మొన్న చేలో నల్లి పురుగు వచ్చి ఖర్చు డబులైంది. చేతిలో డబ్బులున్నోళ్లు ఆపుకున్నారు. మేం ఆపలేకపోయాం.”

ఇంకా చాలా చెప్పాడు. తేజ రకం వేసినవాళ్లకు కొంత నయమని, పక్క ఊళ్లో ఒకాయన కాయను గ్రేడు చేసి అమ్మితే ఎంత తేడా వచ్చిందో చెప్పాడు. వాళ్లమ్మ కల్లంలో కాయ ఏరుతూ, ఇంకో వారం చూడమని నాన్నతో గొడవపడిందని కూడా చెప్పాడు. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు. పాత నిల్వలు కొత్త ధరను ఎలా పడగొడతాయి, అందరూ ఒకే ఆశతో ఒకే పని చేస్తే ఆ ఆశ ఎలా దెబ్బతింటుంది, అప్పిచ్చినవాడే అమ్మించేవాడూ అయితే రైతు బేరమాడే శక్తి ఏమవుతుంది, ఇవన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. ఈ చివరిది చిన్న విషయమేమీ కాదు. అమిత్ భాదురి 1973లో పశ్చిమ బెంగాల్ పల్లెల గురించి రాసిన వ్యాసానికి కీలకం ఇలాంటిదే: అప్పిచ్చేవాడూ భూమి కౌలుకిచ్చేవాడూ ఒక్కడే అయినప్పుడు రైతు ఎలా ఇరుక్కుపోతాడన్నది. మన దేశంలో వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదివేవాళ్లు ఇప్పటికీ దాని దగ్గరికి వెళ్తారు. మావాడు భాదురి పేరు వినలేదు. కానీ విషయం అతని ఇంట్లోనే ఉంది.

“ఇదంతా ఎందుకు రాయలేదు నాన్నా?”

“అది ఆన్సర్ కాదు కదా మేడమ్. మా ఇంటి సంగతి.”

ఈ మాట దగ్గర నేను ఇంకా ఆగిపోయే ఉన్నాను. ఆ అబ్బాయి బద్ధకస్తుడు కాదు. ఆలోచించడం చేతకానివాడు అసలే కాదు. తనకు తెలిసింది తెలివి కాదనీ, జవాబు అనేది వేరే చోటి నుంచి, వేరే భాషలో, ఇస్త్రీ చేసి వస్తుందనీ అతను నమ్మాడు. ఫోనులో అడగ్గానే సరిగ్గా అలాంటిదే వచ్చింది. తన దగ్గరున్నదాన్ని దాని పక్కన పెట్టి చూసుకుంటే వెలవెలబోయినట్టు కనిపించింది. అందుకే సొంత ఆలోచనకు ఏఐ చేసే పెద్ద హాని ఇక్కడుందని నా వాదన. అది మన బదులు ఆలోచించడం కన్నా, మన ఆలోచన మీద మనకున్న గౌరవాన్ని తీసేయడం పెద్ద నష్టం. గౌరవం లేని పనిని ఎవరూ కష్టపడి చేయరు.

మైక్రోసాఫ్ట్, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో ప్రచురించిన ఒక సర్వే నాకు అందుకే ముఖ్యంగా తోచింది. ఉద్యోగంలో ఏఐ వాడే 319 మందిని, ఎప్పుడెప్పుడు ఎలా వాడారో చెప్పమని అడిగి 936 ఉదాహరణలు సేకరించారు. ఏఐ మీద నమ్మకం ఎక్కువున్నవాళ్లు దాని జవాబును తరచి చూడటం తక్కువగా ఉంది. తమ సామర్థ్యం మీద నమ్మకం ఉన్నవాళ్లు ఎక్కువగా తరచి చూశారు. సర్వే కాబట్టి వాళ్లు చెప్పుకున్నదే లెక్క, ఏది కారణమో ఏది ఫలితమో ఖాయంగా తేల్చలేం. అయినా నా స్టాఫ్ రూమ్‌లో విన్నదీ అదీ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఏఐ ఇచ్చినదాన్ని ప్రశ్నించాలంటే ముందు ‘నాకూ కొంత తెలుసు’ అన్న ధైర్యం ఉండాలి. ఆ ధైర్యం లేనివాడికి ‘క్రిటికల్ థింకింగ్’ మీద ఎన్ని వర్క్‌షాపులు పెట్టినా ఏం లాభం?

ఇక్కడ మా ఉపాధ్యాయ వర్గాన్ని గట్టిగా నిలదీయాలి. ఏఐ వచ్చి మన పిల్లల సొంత ఆలోచనను పాడుచేసిందంటున్నాం. అది వచ్చేనాటికి మనం ఏ మేరకు మిగిల్చి ఉంచాం? 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైంది. దానికి ఎన్నో ఏళ్ల ముందే మన ఇంటర్మీడియట్ పిల్లలకు పాఠ్యపుస్తకం అట్ట తెరవాల్సిన అవసరం లేకుండా చేశాం. గైడ్లు, ఆల్ ఇన్ వన్‌లు, ఇంపార్టెంట్ కొశ్చన్లు, కాలేజీ వాళ్లిచ్చే మెటీరియల్. పొద్దున ఆరింటికి మొదలై రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు. ఈ పద్ధతిలో పిల్లాడికి ఒక్కసారి కూడా ‘నువ్వేమనుకుంటున్నావు’ అన్న ప్రశ్న ఎదురవదు. సైడ్ హెడింగులు పెట్టి, కింద గీత గీసి, పాయింట్ల వారీగా రాస్తే పదికి తొమ్మిది. తన మాటల్లో, కొంచెం అటూ ఇటూ అయినా నిజంగా అర్థం చేసుకుని రాస్తే అయిదు. దిద్దేవాళ్లకు పేపరుకు దొరికేది కొద్ది నిమిషాలే. హెడింగులు కనపడకపోతే లోపల ఏముందో చదివే తీరిక ఉండదు.

ఏఐ జవాబు చూడండి. హెడింగులు, పాయింట్లు, సమతూకమైన ముగింపు. అది అచ్చం మనం ఫుల్ మార్కులు వేసే జవాబే. మావాడు ఆ జవాబును ఎంచుకున్నాడంటే, పన్నెండేళ్లు మనం నేర్పిన పాఠాన్ని బాగా ఒంటబట్టించుకున్నాడనే అర్థం.

బట్టీతో పోలిస్తే దీనిలో ఒక తేడా ఉంది, అది నష్టం వైపే. బట్టీ పట్టిన పిల్లాడి బుర్రలో కనీసం ఆ జవాబు ఉండేది. ఎన్నాళ్లకో ఒక రోజు దాని అర్థం తట్టే అవకాశమైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. ఎంఐటీ మీడియా ల్యాబ్ 2025 జూన్‌లో బయటపెట్టిన ప్రయోగంలో 54 మందిని మూడు గుంపులు చేసి వ్యాసాలు రాయించారు. ఒక గుంపుకు చాట్‌జీపీటీ, ఒకదానికి సెర్చ్ ఇంజిన్, మరొకదానికి ఏమీ ఇవ్వలేదు. మొదటి విడత అయ్యాక, మీరిప్పుడు రాసిన వ్యాసంలోంచి ఒక వాక్యం చెప్పండి అంటే చాట్‌జీపీటీ గుంపులో నూటికి 83 మంది సరిగా చెప్పలేకపోయారు. చిన్న ప్రయోగం, తోటి శాస్త్రవేత్తల సమీక్షకు ముందే విడుదల చేశారు. అందులో మెదడు తరంగాల గురించి చెప్పినవాటిని నేను నెత్తికెత్తుకోను. కానీ వాక్యం గుర్తులేకపోవడం ఏ ఉపాధ్యాయుడైనా తన క్లాసులో పరీక్షించుకోవచ్చు. అసైన్‌మెంట్ తెచ్చిన పిల్లను, మూడో పాయింట్ ఏం రాశావమ్మా అని అడిగితే కాగితం కోసం చెయ్యి చాస్తుంది.

క్యాలిక్యులేటర్ వచ్చినప్పుడూ ఇలాగే గోల చేశారు, ఏమైంది అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. క్యాలిక్యులేటర్ హెచ్చవేత చేసిపెడుతుంది, దేన్ని దేనితో హెచ్చవేయాలో చెప్పదు. సమస్యను లెక్కగా మార్చడం మన పనిగానే మిగిలింది. ఏఐ తీసుకుంటున్నది ఆ మార్చే పనినే. ఏది ముఖ్యం, ఏది కాదు, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది వదిలేయాలి అన్న నిర్ణయాలు మొదటి వాక్యం రాయకముందే జరిగిపోతాయి. ఆలోచన అంటేనే చాలామటుకు ఆ నిర్ణయాలు.

అష్టావధానం చూసినవాళ్లకు నిషిద్ధాక్షరి గుర్తుండే ఉంటుంది. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత రాబోయే అక్షరమేదో ఊహించి దాన్ని పృచ్ఛకుడు వద్దంటాడు. నోటిదాకా వచ్చిన మాట ఆగిపోతుంది. ఛందస్సు తప్పకూడదు, అర్థం చెడకూడదు, అక్షరం మాత్రం మారాలి. అప్పుడు అవధాని వెళ్లే దారి అప్పటిదాకా ఆయనకే తెలియదు. సభ చప్పట్లు కొట్టేది అక్కడే. సులువుగా వచ్చేదాన్ని అడ్డుకుంటే మనసు ఎంత దూరం పోగలదో కళ్లముందు చూపించే ప్రక్రియ అది, అందరికీ కనపడేలా. ఏఐ సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఎక్కువమంది ఎక్కువసార్లు వాడిన దారిని, అందరికీ సులువుగా తోచేదాన్ని అది ముందే తెచ్చి చేతిలో పెడుతుంది. అడ్డంకి దగ్గర కాసేపు తచ్చాడే అవకాశమే ఉండదు.

ఇక ఏఐ వల్ల మేలు లేదా? ఉంది. ఈ విషయంలో నా తోటి లెక్చరర్లు కొందరితో నాకు గట్టి పేచీ ఉంది. ఫోన్లు లాగేసుకోవాలనే వాళ్లతో నేను ఏకీభవించను. మా హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం. డిగ్రీలో పుస్తకాలన్నీ ఇంగ్లీషు. ఇంట్లో అక్షరం వచ్చినవాళ్లు లేరు, ట్యూషన్‌కు డబ్బుల్లేవు. రాత్రిపూట ఒక్కో పేరా ఏఐలో పెట్టి, ఇది నాకు తెలుగులో చెప్పు, ఇంకోలా చెప్పు, మా ఊరి సంతతో ఉదాహరణ ఇవ్వు అని అడుగుతుంది. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోని మాస్టారు ఆ పిల్లకు జీవితంలో మొదటిసారి దొరికాడు. దాన్ని లాగేసుకునే హక్కు నాకు లేదు. డబ్బున్న ఇంటి పిల్లకు ఎప్పటినుంచో ఉన్న సదుపాయమే ఇది.

కానీ ఆ అమ్మాయి అడిగేది వేరు, మిగతావాళ్లు అడిగేది వేరు. ‘నాకు అర్థమయ్యేలా చెప్పు’ అన్నదానికీ ‘నా బదులు రాయి’ అన్నదానికీ మధ్య తేడా ఎంతో టర్కీలో ఒక హైస్కూల్లో జరిగిన ప్రయోగం చెబుతుంది. దాదాపు వెయ్యి మంది పిల్లలకు లెక్కల్లో సాధన చేయించారు. మామూలు చాట్‌జీపీటీ లాంటిది వాడిన పిల్లలు సాధనలో 48 శాతం మెరుగయ్యారు. జవాబు చెప్పకుండా టీచర్లు రాసిన సూచనల ప్రకారం హింట్లు మాత్రమే ఇచ్చేలా మార్చినదాన్ని వాడినవాళ్లు 127 శాతం మెరుగయ్యారు. తర్వాత ఏఐ తీసేసి పరీక్ష పెట్టారు. మొదటి రకం వాడిన పిల్లలు అసలు ఏఐ వాడనివాళ్ల కన్నా 17 శాతం తక్కువ చేశారు. హింట్లతో నేర్చుకున్నవాళ్లకు ఆ నష్టం చాలావరకు తప్పింది. నన్ను ఎక్కువ కలవరపెట్టింది వేరే. నష్టపోయిన పిల్లలకు తాము తక్కువ నేర్చుకున్నామని అనిపించలేదు. 

పెద్దవాళ్లకు ఇది వర్తించదనుకోవద్దు. పోలండ్‌లో నాలుగు కేంద్రాల్లో కొలనోస్కోపీ (పెద్దపేగును కెమెరాతో చూసే పరీక్ష) చేసే డాక్టర్ల మీద జరిగిన అధ్యయనం 2025 ఆగస్టులో లాన్సెట్ వారి వైద్య పత్రికలో వచ్చింది. పేగులోని కణుతులను గుర్తించడానికి ఏఐ సాయం మొదలుపెట్టక ముందు, ఆ డాక్టర్లు సొంతంగా చేసిన పరీక్షల్లో 28.4 శాతం మందిలో కణుతులు పట్టుకున్నారు. ఏఐ అలవాటయ్యాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో అది 22.4 శాతానికి పడిపోయింది. ఒక్కొక్కరూ రెండు వేలకు పైగా పరీక్షలు చేసిన అనుభవజ్ఞులు వాళ్లు. వేరే కారణాలూ ఉండొచ్చని ఆ పరిశోధకులే చెప్పారు. అయినా కొద్ది నెలల్లో ఇంత తేడా కనిపించిందంటే, నైపుణ్యం ఇంకా పట్టుబడని పద్దెనిమిదేళ్ల పిల్లల సంగతేమిటి?

పైగా ఇదంతా ఉచితంగా చేతికొచ్చింది. 2025 జూలైలో ఎయిర్‌టెల్ తన కస్టమర్లకు పర్‌ప్లెక్సిటీ ప్రో అనే ఏఐ సేవను ఏడాదిపాటు ఊరికే ఇచ్చింది. అక్టోబరు చివర్లో జియో 18 నెలలపాటు గూగుల్ వారి జెమినై ప్రో ఇస్తామంది. నవంబరులో చాట్‌జీపీటీ గో ఏడాదిపాటు ఉచితమైంది. మా పిల్లల్లో లైబ్రరీ కార్డు లేనివాళ్లు చాలామంది ఉన్నారు, వీటిలో ఒక్కటైనా లేనివాళ్లు ఎవరూ లేరు. 2026–27 నుంచి మూడో తరగతి నుంచే ఏఐ పాఠాలు ఉంటాయని కేంద్ర విద్యాశాఖ ప్రకటించింది. ఏఐ ఎలా పనిచేస్తుందో పిల్లలకు తెలియడం మంచిదే. కానీ ఎనిమిదేళ్ల పిల్ల తప్పో ఒప్పో తన జవాబు తను చెప్పి, దాన్ని నలుగురిలో సమర్థించుకుని, అవసరమైతే మార్చుకోవడం ఏ పీరియడ్‌లో నేర్చుకుంటుందో కూడా ఎవరైనా చెప్పాలి.

పిల్లల గురించే మాట్లాడుతున్నాను గానీ ఇది ఇళ్లలోకీ వచ్చేసింది. ఈమధ్య మా బంధువుల్లో ఒకరు పోతే కుటుంబం గ్రూపులో సంతాప సందేశాలు వచ్చాయి. ‘ఆయన లేని లోటు పూడ్చలేనిది, ఈ కష్ట సమయంలో మీ కుటుంబానికి మనోధైర్యం కలగాలని’ అంటూ ఒకే అచ్చులో పోసినట్టు పొడుగాటి సందేశాలు. ఆయన చేతి వంట తిన్నవాళ్లు, ఆయన సైకిల్ మీద బడికి వెళ్లినవాళ్లు పంపినవి అవి. వాళ్లకు బాధ లేదనను. తమ సొంత మాట సరిపోదనుకున్నారు. “మావయ్య నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు అత్తయ్యా” అని ఒక్క ముక్క రాస్తే, ఆవిడ ఎన్నిసార్లు చదువుకునేదో! ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు సర్దుకుపోవడం చేతకావడం లేదు.

నేను ఇప్పుడు క్లాసులో ఒక క్రమం పాటిస్తున్నాను. ముందు మీ మాట, తర్వాతే యంత్రం మాట. ప్రశ్న ఇచ్చాక ఇరవై నిమిషాలు ఫోన్లు బల్ల మీద బోర్లా పెట్టి, పెన్నుతో అరపేజీ రాయాలి. తెలుగు, ఇంగ్లీషు కలిపేసినా ఫర్వాలేదు. హెడింగులు వద్దు. మీ ఇంట్లో, మీ ఊళ్లో చూసింది కనీసం ఒకటి ఉండాలి. ఆ కాగితం మీద నేను సంతకం పెడతాను. ఇంటికెళ్లాక ఏఐని అడగొచ్చు, అయితే ‘ఈ ప్రశ్నకు జవాబు రాయి’ అని కాదు. ‘నేనిలా అనుకుంటున్నాను, ఇందులో తప్పేమిటో చెప్పు’ అని అడగాలి. అది చెప్పినదాంట్లో ఏది ఒప్పుకున్నారో, ఏది ఒప్పుకోలేదో, ఎందుకో రెండో కాగితం మీద రాసుకురావాలి. రెండు కాగితాలూ చూసి, రెండు నిమిషాలు మాట్లాడించాకే మార్కులు.

మొదట్లో అరపేజీ నిండేది కాదు. ‘ఏం రాయాలి మేడమ్’ అని చుట్టుపక్కల చూసేవాళ్లు. ఆ చూపు నాకు కోపం తెప్పించదు, అంతకు ముందు ఆ ఇరవై నిమిషాలు వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. ఆ మిర్చి అబ్బాయి ఈ పద్ధతిలో రాసిన మొదటి కాగితం కౌలు గురించి. ఏఐ అతనికి కౌలు గుర్తింపు కార్డుతో బ్యాంకు రుణం తీసుకోవచ్చని చెప్పింది. దాని కింద అతను రాసుకొచ్చాడు: ‘ఇది మా ఊళ్లో జరగదు. కార్డు ఇప్పిస్తే పొలం పోతుందేమోనని ఓనర్లు భయపడతారు. పేరు రాయించమని అడిగితే వచ్చే ఏడాది పొలం వేరేవాళ్లకిస్తారు.’ రెండు అక్షర దోషాలున్నాయి. పదికి పది వేశాను.

ఇది ఒక్క టీచరు పట్టుదలతో నడిచే పని కాదని నాకు తెలుసు. అరవై మంది క్లాసులో ఒక్కొక్కరికీ రెండు నిమిషాలంటే రెండు గంటలు. సిలబస్ ఆగిపోతుంది, మా డిపార్ట్‌మెంట్ హెడ్ అడుగుతారు. అందుకే యూనివర్సిటీని అడగాల్సినవి రెండున్నాయి. ఇంటర్నల్ మార్కుల్లో సగం నోటి పరీక్షకు కేటాయించాలి. అందుకు సమయం దొరికేలా ప్రతి పేపర్లో ఒక యూనిట్ తగ్గించాలి. అయిదు యూనిట్లు ఏఐతో రాయించుకుని మర్చిపోవడం కన్నా నాలుగు యూనిట్లు తన నోటితో చెప్పగలగడం నయం. సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఈ ఏడాది సమావేశానికి ఈ రెండూ రాసి పంపుతున్నాను. మీరూ పాఠాలు చెప్పేవాళ్లయితే మీ యూనివర్సిటీకి కూడా రాయండి.